కుంటాలకు పోని బండి

మహిమ అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఒక్కదానికే: నలుగురిలో లేచి నిలబడి, "మీ పైసలు నా చేతిల పోయినయ్" అని చెప్పవలసి రావడానికి.

అవి మామూలు పైసలు కావు. చొప్పదండి చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళు ఎసరు పెట్టిన ప్రతిసారీ దేవుడి పేరున ఒక పిడికెడు బియ్యం పక్కకు తీస్తారు. నెలకోసారి అవి అమ్ముతారు. అన్ని ఖర్చులూ పోను ఈసారి ఎనిమిది వేలు మిగిలాయి. ముప్పై మంది ఆడవాళ్ళు కలిసి కుంటాల జలపాతం చూడాలని ఆశపడ్డారు. పదో తరగతితో చదువు ఆగిపోయి, ఇంట్లో జాకెట్లు కుట్టుకునే మహిమ లెక్క తప్పదని, బండి మాట్లాడే పని ఆమెకే అప్పగించారు. నస్పూర్ బండికి ఆ ఎనిమిది వేలూ అడ్వాన్స్ కట్టింది.

శనివారం ప్రయాణమనగా శుక్రవారం వాన పట్టుకుంది. కుంటాల దారి మూసేశారని సాయంత్రం టీవీలో వచ్చింది. బండి వద్దని చెప్పడానికి మహిమ ఫోన్ తీసింది. సమాజం పెద్ద జమునక్క ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏందే, బండి వద్దంటవా? వాన ఆగాలని ప్రార్థన పెట్టుకున్నం కద! ఒక దిక్కు అడుగుడు, ఇంకో దిక్కు బండి వద్దనుడు. వీళ్ళకే నమ్మకం లేదనుకోడా దేవుడు?"

మహిమ ఫోన్ లోపల పెట్టేసింది.

తెల్లారింది. వాన ఇంకా పెరిగింది. ఆరింటికి చర్చి గేటు ముందు బండి ఆగింది. అందులోంచి ఓ యువకుడు దూకాడు. కళ్ళద్దాల మీద ఆవిరి, మొహం నిండా నవ్వు.

"నమస్తే మేడం! నేను వెస్లీని, బండి నాదే. ఎక్కుండ్రి, ఎక్కుండ్రి!"

"ఎక్కడికి? దారి బంద్ అయింది కద!"

"ఎప్పుడు?"

"నిన్ననే టీవీల వచ్చింది. మీరు చూడరా?"

"నేను బండి కడుక్కుంట కూసున్న మేడం. గా వానల!"

మహిమకు నవ్వొచ్చింది. ఆపుకుంది. "మరి అడ్వాన్స్ వాపస్ ఇయ్యుండ్రి."

నవ్వు ఈసారి అతని మొహం మీంచి జారిపోయింది. "ముందటి రోజు చెప్తే వాపస్. గేటు కాడికి బండి వచ్చినంక లేదు. రసీదు మీద రాసున్నది కద."

"వాన పడితే ఎట్లనో రాయలే! ఆగాలని మేం ప్రార్థన సుత చేసినం!"

"ప్రార్థనకు సుత రాయలే మేడం. జర నాకు ఒక్క ఫోన్ కొడితే, నేను సుత ఇంట్లనే పండుకొని ప్రార్థన చేసేటోన్ని."

బండి తిరిగి వెళ్ళిపోయింది. పై ఆదివారం సమాజం ముందు లెక్క చదవాలి. మహిమకు ముద్ద దిగలేదు.

సోమవారం ఫోన్ చేసి గట్టిగా అడిగింది. మంగళవారం ఇంకా గట్టిగా. బుధవారం కుట్టు పనిలో పడి ఆలస్యమైతే అతనే చేశాడు.

"ఇయ్యాల తిట్టలే ఏంది? పాణం బాగలేదా?"

గురువారం సంగతి మరీ విచిత్రం.

"పైసలు ఎప్పుడిస్తవ్?"

"అన్నం తిన్నవా?"

"తిన్న. పైసలు?"

"ఏం కూర?"

"పుంటికూర. పైసలు?"

"మా అవ్వ సుత మంచిగ చేస్తది పుంటికూర."

ఫోన్ పెట్టేశాక చూసుకుంటే ఇరవై రెండు నిమిషాలు మాట్లాడింది. పైసల మాట రెండు నిమిషాలు కూడా లేదు. "మీరు" కాస్తా "నువ్వు" ఎప్పుడైందో ఇద్దరికీ తెలియదు.

శుక్రవారం అతని ఫోన్ స్విచాఫ్. శనివారం కూడా స్విచాఫే. మహిమ మళ్ళీ మళ్ళీ చేసి చూసింది. "మోసపోయిన. పుంటికూర ముచ్చట్లు పెట్టి ముంచిండు" అనుకుంది. పైసలు పోయినందుకు ఎంత ఏడుపొచ్చిందో, ఆ గొంతు వినబడనందుకూ అంతే వచ్చింది. దానికి తన మీదే కోపం వచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక మహిమ లేచి నిలబడింది.

"పైసలు రాలే. తప్పు నాదే. ఫోన్ చెయ్యాల్నని తెలిసి సుత చెయ్యలే. గివి అమ్ముకోండ్రి" అని చెవుల కమ్మలు తీసి బల్ల మీద పెట్టింది.

"తీయ్ ముందు!" జమునక్క కమ్మలను ఆమె వైపు తోసింది. "నీ చెయ్యి పట్టుకున్నది నేను గాదా?"

అప్పుడే తలుపు దగ్గర అలికిడైంది. బురద కొట్టుకున్న ప్యాంటుతో వెస్లీ, వెనకాలే అతని తల్లి సమ్మక్క.

"శుక్రవారం ఉట్నూర్ దిక్కు వాగుల బండి ఇరుక్కున్నది. నెట్టంగ ఫోన్ నీళ్ళల పడ్డది" అన్నాడు ఆయాసంతో. ఎనిమిది వేలు బల్ల మీద పెట్టాడు. అప్పుడు కమ్మలు చూశాడు. మహిమ బోసి చెవులు చూశాడు.

"మంగళవారమే ఇద్దామనుకున్న. ఇస్తే… ఇగ నీ ఫోన్ రాదని భయమైంది."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

మహిమ నవ్వలేదు. "నీకు ఆట. నాకు వారం రోజులు నిద్ర లేదు. అందరి ముందట చెప్పు, తప్పు ఎవరిది?"

"నాది" అన్నాడు తల వంచి. "నూరు సార్లు నాది."

"ఒక్కసారి చాలు" అంది మహిమ. ఆమె పెదవి కొస కదిలింది. "కొత్త ఫోన్ ఎప్పుడు కొంటవ్?"

"రేపే."

"కొన్నంక నువ్వే చెయ్యి."

సమ్మక్క అప్పటికే మహిమ తండ్రి బక్కయ్య పక్కన చోటు చేసుకుని కూర్చుంది. "అన్నా, మా పిలగాడు వారం సంది మీ పిల్ల ముచ్చటే చెప్తుండు. అబద్ధం ఆడలేడు, దాచుడు సుత రాదు. పిల్లనిస్తవా?"

బక్కయ్య కూతురి వైపు చూశాడు. ఆమె కమ్మలు పెట్టుకుంటూ తల దించుకుంది, కానీ కాదనలేదు. "పిల్లకు ఇష్టమైతే నాకేం ఫికర్" అన్నాడాయన.

"అయితే పెండ్లిబండికి అడ్వాన్స్ ఎంత?" అని జమునక్క అరిచింది. చర్చంతా గొల్లుమంది.

కథ ఇంతే. అయినా ఒక్క మాట అడుగుతాను. మీ వాడకట్టులోనూ నలుగురి పైసలు దగ్గర పెట్టుకుని దిగులు పడే ఆడపిల్ల ఉండే ఉంటుంది. ముసురు పట్టిన రోజున ఒకసారి ఆమె తలుపు తట్టండి. అన్నం తిన్నదో లేదో కనుక్కోండి.