శుక్రవారం గూడబాతు

ఈకనేత యంత్రం పని ముగించేసరికి, దెబ్బతిన్న పక్షుల శాల చూసుకునే పెంచలమ్మ చేపల బుట్ట కడగడం కూడా పూర్తి కాలేదు. తెచ్చినప్పుడు గూడబాతు కుడిరెక్కలో ఆరు పెద్ద ఈకలు సగానికి విరిగి ఉన్నాయి. యంత్రం ఎడమరెక్కను చూసి అచ్చం అలాంటివే నేసి, మిగిలిన బోలు కాడల్లో ఒక్కొక్కటే కూర్చింది. వెనకటి రోజుల్లో పాతవి రాలి కొత్తవి మొలిచేదాకా నెలల తరబడి ఆగాల్సి వచ్చేది. ఇప్పుడు పావుగంట చాలు.

"కోలుకుంది. విడుదల చేయవచ్చు," అంది యంత్రం.

"ఈరోజు శుక్రవారం. పంపేది లే," అంది పెంచలమ్మ, దాని చెవికెక్కదని తెలిసి కూడా.

పులికాట్ ఒడ్డున ఉన్న ఆ ఊరికి గూడబాతులంటే పురిటికి వచ్చిన ఆడబిడ్డలు. శుక్రవారం పూట ఆడబిడ్డను గడప దాటించే ఇల్లు అక్కడ ఒక్కటీ లేదు. యంత్రానికి చదువు చెప్పినవాళ్లకు ఈ సంగతి తెలిసే అవకాశం లేదు.

యంత్రం పంపిన ఆలస్యం కబురందుకుని మధ్యాహ్నానికల్లా తనిఖీ అధికారిణి హరిప్రియ వచ్చింది. గాలిబండి దిగుతూ నడుం పట్టుకుంది.

"ఇది మూడోసారి, పెంచలమ్మగారూ. రెక్క నూటికి నూరుపాళ్లు బాగుంది. ఇలా ఆపుతుంటే తాళాలు మీ దగ్గర ఉంచలేం."

"ఈక బాగుందమ్మా. బిడ్డే బాగాలే. పదిహేను రోజులు తుమ్మపొదలో పడి ఉన్నింది."

హరిప్రియ తానే తలుపు తీసింది. గూడబాతు నాలుగడుగులు పరిగెత్తి, రెక్కలు బారచాపి, బరువుగా కొట్టుకుని, బురదలో బోర్లా పడింది. ఒక్క ఈక కూడా చెదరలేదు. పెంచలమ్మ పరుగున వెళ్లి చంకకెత్తుకుంది. దాని గుండె దడదడలాడుతోంది.

హరిప్రియ మొహం చిన్నబోయింది. "మిగతా చోట్ల వదిలినవి ఇలాగే పడి వెనక్కి వస్తున్నాయి. ఈకల్లో లోపమనుకున్నాం. మీ దగ్గరివి రావు. ఏం చేస్తారు మీరు?"

"చేయడానికేముంది? చేపను ఇవాళ మోకాలెత్తున చూపిస్తా, రేపు నడుమెత్తున. ఎగిరి అందుకోవాల. రొమ్ములో సత్తువ వచ్చినాక మంచిరోజు చూసి పంపుతా."

"అయితే ఉంచండి. తేదీ మీరే రాయండి," అంటూ హరిప్రియ మెట్టు మీద కూలబడింది. పెంచలమ్మకు కొండంత బరువు దిగినట్టయింది. అప్పుడు చూసింది, ఆ పిల్ల రవిక ముందువైపు తడిసి ఉండడం.

"కాన్పై ఎన్నాళ్లమ్మా?"

"పది రోజులు. గాయంపూత పూస్తే ఒక్కరోజులో మానిపోయింది. మూడోరోజే పనిలో చేరమన్నారు. పాపను ఊయలమర చూసుకుంటోంది."

పెంచలమ్మ పక్కనే ఉన్న తన ఇంట్లోకి వెళ్లింది. వేడన్నంలో వెల్లుల్లికారం, నెయ్యి కలిపి తెచ్చింది. హరిప్రియ ఆవురావురుమని తిన్నది. తింటూనే ఏడ్చింది. ఏడ్చాక ఎంతో హాయిగా అనిపించింది. చెయ్యి కడుక్కుని భర్తకు ఫోన్ చేసింది.

"పాపను తీసుకుని ఇక్కడికి రా. కొన్నాళ్లు ఇక్కడే ఉంటాను."

"కోలుకున్నావని కాగితం ఇచ్చారుగా," అన్నాడతను.

"ఇచ్చారు. నాకు మాత్రం లేచి నిలబడే ఓపిక లేదు."

పెంచలమ్మ అప్పటికే వరండాలో నులకమంచం వాలుస్తోంది.