డాబా మీది రేరాణి

ఉద్యోగం మానినప్పటి నుంచి సాయంత్రాలు కుండీల మధ్య తిరగడం నాకు అలవాటు. మొక్కల పిచ్చి పట్టినవాడికి మనుషుల మీద ధ్యాస తగ్గుతుందని కాలేజీలో మా వృక్షశాస్త్రం మేష్టారు నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్లం. సరే, ఆయన సంగతి ఇప్పుడెందుకు, రేరాణి సంగతి చెప్పాలి.

పగలు చూస్తే దానికి ఏ అందమూ లేదు. సన్నటి గొట్టాల్లాంటి లేతాకుపచ్చ మొగ్గలు, అంతే. చీకటి పడగానే అవి విచ్చుకుని, వాసన వీధి మలుపు దాకా వెళ్లేది. దారిన పోయేవాళ్లు ఆగి, "ఎవరింట్లోదండీ?" అని అడుగుతుంటే నాకు కడుపు నిండిపోయేది. కుండీ కిటికీ కిందే ఉండేది. కిటికీ లోపల మా ఆవిడ, ఆవిడ ఆయాసం. డాక్టరు చూసి, "ముందు ఆ చెట్టు తీసెయ్యండి పెద్దాయనా, మందుల సంగతి తర్వాత," అన్నాడు.

ఆవిడ చూస్తుండగానే కత్తెర పట్టాను. కొమ్మలన్నీ కొట్టేసి జానెడు మోడు మిగిల్చాను. గుమ్మంలో నిలబడి ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"నా కోసం ప్రాణంలా పెంచినదాన్ని కొట్టేశారు."

నేను రాలిన కొమ్మలు ఏరుతూ కూర్చున్నాను. రేరాణిని పెంచేవాడెవడికైనా తెలుసు, పూత అయ్యాక దాన్ని అలాగే కిందికంటా కత్తిరించాలని. అప్పుడే కొత్త చిగుళ్లు వేసి, అంతకు రెట్టింపు పూస్తుంది. ఆవిడకి తెలియదు.

కుండీని డాబా మీదికి చేర్చడానికి ఎదురింటి దర్జీ సాయం వచ్చాడు. అతని నాలుక ఆగదు. కొలతలు తీసుకుంటూ ఎవరి పొట్ట ఎంత పెరిగిందో వీధికంతా వినిపిస్తాడు. మెట్ల మధ్య ఆగి రొప్పుతూ, "చచ్చినదాన్ని పైకి మోస్తున్నామేంటి అన్నయ్యగారూ? ఎక్కడైనా కిందికి కదా దించుతారు!" అన్నాడు.

"మట్టి మంచిది, పారెయ్యలేక," అన్నాను.

వానలు పడ్డాయి. మోడు చిగిర్చింది. కొమ్మ కొమ్మకీ గుత్తులు గుత్తులుగా మొగ్గ తొడిగింది. ఆరేసిన బట్టలు తెస్తానని చెప్పి పైకెళ్లి చూసుకునేవాణ్ని. తొలి పూలు విచ్చుకున్నాయో లేదో, ఆవిడకి ఆయాసం తిరగబెట్టింది. చెమ్మగాలి వల్ల అన్నాను. అంటూ వీపు కూడా నిమిరాను, సిగ్గు లేకుండా.

చెట్టు నిండా పూసిన రాత్రి ఆవిడ నిద్రపోయేదాకా ఆగి పైకెళ్లాను. చంద్రుడు లేడు. వాసన మెట్ల మీదికే ఎదురొచ్చి గొంతుకి జిగురులా పట్టుకుంది. నీళ్ల ట్యాంకు నుంచి చుక్క చుక్క చప్పుడు. ఆ చప్పుడు వెనక ఇంకోటి... పిల్లికూతలు. మా ఆవిడకి ఆయాసం వచ్చినప్పుడు వినపడే పిల్లికూతలు.

చెట్టు వెనక, పిట్టగోడకి ఆనుకుని ఎవరో కూర్చున్నారు. మోకాళ్ల మీదికి వంగిపోయి.

మా ఆవిడే, దొరికిపోయాను అనుకున్నాను. అప్పటికింకా భయం కాదు, సిగ్గే.

"ఎప్పుడొచ్చావు?" గుసగుసగా అడిగాను. "లే. కిందికి పద. రేపే పీకేస్తాను, ఒట్టు."

ఊపిరి లోపలికి... ఆగింది... బయటికి. లోపలికి పీల్చినప్పుడల్లా పూలగుత్తులన్నీ అటు వంగుతున్నాయి.

గాలి లేదు.

అప్పుడు కింద నుంచి పిలుపు.

"ఏమండీ... ఎక్కడున్నారు..."

మా ఆవిడ గొంతు. కింద, మంచం మీంచి.

ఎలా దిగానో తెలియదు. మెట్ల తలుపు గడియ పెట్టాను. ఆవిడ ఊపిరి అందక గింజుకుంటోంది. ఇన్‌హేలర్ నోటికి పెట్టాను. కాసేపటికి తెరిపిన పడి, నా మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"పైనావిడకి కూడా ఇచ్చి రండి. పాపం, నాకంటే ఎక్కువ బాధపడుతోంది."

ఎవరని అడగలేకపోయాను. అడిగితే చెట్టు సంగతి చెప్పాలి. ఇన్‌హేలర్ పట్టుకుని మెట్ల తలుపు దాకా వెళ్లాను. గడియ మీద చెయ్యి వేశాను. అవతల, తలుపుకి దగ్గరగా... ఊపిరి లోపలికి... ఆగింది...

తీయలేదు. వెనక్కొచ్చేశాను.

"ఇచ్చాను," అన్నాను. "పడుకో."

ఆవిడ కళ్లు మూసుకునే ఉన్నాయి. పెదవులు కదల్లేదు. దగ్గరే కూర్చుని చూస్తున్నాను, కదల్లేదు.

"మళ్లీ అబద్ధమేనాండీ?"

ఆవిడ గొంతే. పైకప్పు మీంచి వచ్చింది.