భోజనాల గదిలో రెక్క

ఐయోవాలో మంచు మోకాలిలోతున పేరుకున్న ఆ చలికాలంలో, టెగ్లాండ్ వారి భోజనాల గదిని పదహారడుగుల విమానపు రెక్క ఒకటి యుద్ధమైనా చేయకుండా ఆక్రమించుకుంది. బల్ల వసారాలోకి వలసపోయింది. కుర్చీలు మెట్లకింద ప్రవాసమున్నాయి. ఇంటిల్లిపాదీ వంటింట్లో నిలబడి బంగాళాదుంపలు తిన్నారు. పోయిన పెద్దాయన విమానం పాతికేళ్లు పశువుల కొట్టంలో కోళ్లకు కొలువుకూటమై పడివుంది. దానిని మళ్లీ ఎగరేయాలని ఆయన కొడుకు హార్లన్ సంకల్పించాడు. సంకల్పం అతనిది, సూది మాత్రం భార్య ఆర్డిస్‌ది.

రెక్కలోని చెక్క ఎముకల మీద గుడ్డ కప్పి, అడుగు పొడవు సూదిని ఇటునుంచి గుచ్చితే, అటువైపు మనిషి తిరిగి పంపాలి, మూడంగుళాలకొక ముడి. అటువైపు కూర్చున్నది అత్తగారు హుల్డా. మూడు నెలల్లో ఆర్డిస్ ఆరువందల ముడులు వేసింది... ఆరువందల సార్లు ఆ తల్లి నిట్టూర్పూ విన్నది. హుల్డా తన పుట్టింటినుంచి తెచ్చుకున్న వెండి తొడుగు, కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునేది, నవంబరులో మాయమైంది మరి!

"యాభయ్యేళ్లు నా దగ్గరుంది, ఎక్కడికీ పోలేదు," అనేది హుల్డా, సూది తిరిగి పంపుతూ. "కోడలికి ఒక్కరోజు ఇచ్చానో లేదో..."

"సాయంత్రమే మీకిచ్చేశాను అత్తయ్యా."

"ఇస్తే నా వేలికుండాలిగా?"

ఆర్డిస్ కన్నీళ్లు మింగి మరో ముడి వేసేది.

మార్చిలో విమానాల తనిఖీ అధికారి క్విస్ట్ వచ్చాడు. రెక్కను చూసి టోపీ తీసి తల గోక్కున్నాడు.

"గుడ్డ కప్పకముందే నన్ను పిలవాలి కదయ్యా హార్లన్? లోపల చూడకుండా సంతకం ఎలా పెట్టను?"

"మంచులో మీరేం వస్తారులే అనుకున్నానండీ," గొణిగాడు హార్లన్.

క్విస్ట్ వంగి ముడుల వరుసను వేలితో తడిమాడు. "ఈ కుట్టు చూశాక విప్పమనడానికి నోరు రావడంలేదు. నీ పని నాకు తెలుసు. పెట్టేస్తాలే."

హార్లన్ ఊపిరి పీల్చుకున్నాడు. ఆర్డిస్ మాత్రం కత్తెర తీసింది.

"పిచ్చెక్కిందా నీకు?" అంది హుల్డా. "మూడు నెలల కష్టమే!"

"ఆయన సంతకం పెట్టి ఇంటికెళ్తారు అత్తయ్యా. దీని కింద కూర్చుని ఎగిరేది మీ అబ్బాయి."

తన ముడులను తానే ఒక్కొక్కటిగా తెంచింది. ప్రతి తెంపుకీ గుండెలో ఏదో తెగినట్లే ఉంది... గుడ్డ జారిపోయింది. కిటికీలోంచి వచ్చిన ఎండ ఆ సన్నని చెక్క ఎముకల మధ్య బారులుతీరి నిలిచింది. అగ్గిపుల్లలకంటే కాస్త లావైన ఈ పుల్లలేనా, మనిషిని ఆకాశానికి అప్పగించేవి? నలుగురూ చర్చిలో ఉన్నట్లు గొంతు తగ్గించుకున్నారు.

క్విస్ట్ టార్చి వెలుగు రెక్క చివర, విమానాన్ని మలుపు తిప్పే తీగ కప్పీ మీదుగా తిరిగేచోట ఆగింది. అక్కడ ఏదో మెరిసింది. పటకారుతో లాగాడు. వెండి తొడుగు!

"ఇంకో అరంగుళం జరిగి ఉంటే తీగ బిగుసుకుపోయేది," అన్నాడు మెల్లగా. "మలుపు తిరగబోయినవాడు తిరగలేకపోయేవాడు."

హుల్డా కుర్చీ అంచు పట్టుకుంది. సర్వం తెలిసిన ఆ మహారాణికి ఒక సాయంత్రం గుర్తొచ్చింది. "గుడ్డ కప్పే ముందురోజు... గట్టిగా ఉన్నాయో లేవోనని ఒక్కో ఎముకనీ తట్టిచూశాను. తొడుగు నా వేలికే ఉంది. నేనేనే అమ్మాయ్. చలికాలమంతా నిన్ను..."

మాట పూర్తికాలేదు. తొడుగును గౌను అంచుతో తుడిచి కోడలి వేలికి తొడిగింది. తర్వాత రెక్కకు అటువైపు వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

"ఊఁ, దారానికి మైనం పట్టించు. ఆరువందలేగా!"

జూన్‌లో, పొలం పక్క గడ్డినేల మీద, హార్లన్ ముందు సీట్లో ఆర్డిస్‌ను కూర్చోబెట్టాడు. తల్లిని ఎక్కమంటే, "కుట్టినదాన్ని ఎక్కించు ముందు," అందావిడ. విమానం కదలబోతుంటే కర్ర ఊతంతో దగ్గరికొచ్చి అరిచింది: "ఏయ్, చెయ్యి బయటపెట్టకు. తొడుగు జారుతుంది!"

నేల వదిలింది. పశువుల కొట్టం, ఇల్లు, తిరిగి సింహాసనమెక్కిన బల్ల ఉన్న ఆ గది కిటికీ... అన్నీ అరచేతిలో పట్టేంతయ్యాయి. ఆర్డిస్ తల ఎత్తింది. నెత్తిమీద పసుపుపచ్చని గుడ్డ, దానిమీద తన ముడుల వరుస. ఆ పైన అంతులేని నీలం. గాలి అంత బలంగా లాగుతున్నా ఒక్క ముడీ కదలడంలేదు.

కళ్లు తుడుచుకోవాలనిపించింది. కానీ పిడికిలి విప్పలేదు. లోపల వెండి తొడుగు వెచ్చగా ఉంది.