పక్క ఫోటో

ఆపరేషన్ థియేటర్‌కి కిటికీలు లేవు. బయట పదకొండు గంటల ఎండ మాడ్చేస్తున్నా లోపల ఎప్పుడూ ఒకటే పొద్దు. ఏసీ చలి, స్పిరిట్ వాసన, మత్తు మిషను బుస్సుబుస్సుమనే ఊపిరి. ఆ రోజు బల్ల మీద ఉన్నవాడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. రెండో అంతస్తు నుంచి లిఫ్టు గోతిలో పడ్డాడు. నడుం కింద గిన్నెలా ఉండే కటి ఎముక వెనకవైపు విరిగింది. వాడి అక్క బయట బెంచీ మీద తమ్ముడి బూట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పెద్దసారు వస్తుంటే లేచి నిలబడింది.

"సార్, మా తమ్ముడు మళ్ళీ నిచ్చెన ఎక్కగలడాండీ?"

"ముందు లేచి నిలబడనివ్వమ్మా" అని, ఆవిడ మొహం కూడా చూడకుండా చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. పేషెంట్ల చుట్టాలంటే ఆయనకి దారికి అడ్డంగా పెట్టిన కుర్చీలతో సమానం. తప్పుకుంటే సరి, లేకపోతే చిరాకు.

ఆయన ఎముకల డాక్టరు. వెనకాల అందరూ 'ఏడు నిమిషాలు' అంటారు. పూర్వం ఇలాంటి ఎముక అతకాలంటే జానెడు కొయ్యాలి. ఇప్పుడు తుంటి పక్కన చిన్న గాటు పెట్టి, సన్నటి తీగని ఎముకలోంచి వెన్ను అడుగుదాకా పంపి, ఆ తీగ మీదుగా బోలు స్క్రూ బిగిస్తే చాలు. ఆ పని తాను ఏడు నిమిషాల్లో చేస్తానని పెద్దసారు ప్రతి సభలోనూ చెప్పుకుంటాడు. ఆ రోజు ఒంటిగంటకి కూడా పక్క హాల్లో ఆయన ఉపన్యాసం ఉంది. విషయం, స్క్రూలు క్షేమంగా వెయ్యడం ఎలా అని. వినేవాళ్ళకి నవ్వు రాకపోవడం ఆయన అదృష్టం.

ఎందుకంటే ఆ పని ఏడు నిమిషాల్లో ఎలా ముగుస్తోందో థియేటర్లో అందరికీ తెలుసు. లోపల కంటికి కనపడదు కాబట్టి, తీగ జరిగిన కొద్దీ ఎక్స్‌రే మిషనుతో మూడు వైపుల నుంచి చూడాలి. పైనుంచి వంచి ఒకటి, కిందనుంచి వంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. ఎముకలో స్క్రూకి ఉన్న దారి కొందరిలో చిటికెన వేలంత కూడా ఉండదు. ముందు అంచు దాటితే అక్కడే పాదాన్ని పైకెత్తే నరం. మొదటి రెండు ఫోటోల్లో అంతా బాగున్నట్టే ఉంటుంది. మోసం పక్క ఫోటోలోనే బయటపడుతుంది. దానికోసం మిషను చెయ్యంతా తిప్పాలి, సరిచూసుకోవాలి, నాలుగు నిమిషాలు పడుతుంది. పెద్దసారుకి ఆ నాలుగు నిమిషాలంటే పరమ అసహ్యం.

"లైట్లార్పండి" అన్నాడు.

తెర బాగా కనపడాలని పెద్ద దీపాలు ఆర్పేశారు. ఎక్స్‌రే తెర నీలం వెలుగు ఒక్కటే మిగిలింది. ఆ వెలుగులో ఎదురుగా అసిస్టెంట్ డాక్టరమ్మ కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. నలభయ్యేళ్ళ మనిషి. ప్రతిదీ రెండుసార్లు చూసుకుంటుందని ఆవిడకి 'నిదానం' అని పేరు పెట్టింది పెద్దసారే. మిషను దగ్గర సీసం ఏప్రన్ వేసుకుని బాబాయ్ నిలబడ్డాడు. ఎక్స్‌రేలు తీసేవాడు. రిటైర్మెంటుకి ఏడాది ఉంది. ఆసుపత్రి మొత్తానికి బాబాయ్, పెద్దసారుకి మాత్రం 'ఏవయ్యా'.

గాటు పెట్టారు. తీగ మొన ఎముకకి ఆనింది. డ్రిల్లు కొద్దిగా తిరిగింది.

"పైది" అన్నాడు పెద్దసారు. ఫోటో వచ్చింది. "కిందది." వచ్చింది. "బ్రహ్మాండం."

"పక్కది కూడా చూసేద్దామా సార్?" అన్నాడు బాబాయ్.

"ఏవయ్యా, నువ్వు ఫోటోలు తీసేవాడివా, నాకు పాఠాలు చెప్పేవాడివా?"

"అది కాదు సార్, ఇతని ఎముక వాలు కొంచెం ఎక్కువగా..."

"నోర్మూసుకో."

డాక్టరమ్మ ఏదో అనబోయింది. ఆయన చూసిన చూపుకి ఆగిపోయింది. మత్తు డాక్టరు తన మిషను వైపు తల దించుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఆ గదిలో అందరూ చేసింది అదే, తల దించుకోవడం.

అప్పుడు వినిపించింది ఆ చప్పుడు.

టప్.

తడి నేల మీద అరికాలు మొత్తం ఒక్కసారిగా పడ్డట్టు. కాసేపాగి మళ్ళీ... టప్. తలుపు వైపు నుంచి. మనిషి నడుస్తున్న చప్పుడే, కానీ ఒక కాలిదే. రెండో అడుగు మామూలుగా, వినపడీ వినపడకుండా. తర్వాత మళ్ళీ... టప్.

"ఎవరది లోపలికొచ్చింది?" పెద్దసారు తల తిప్పకుండానే విసుక్కున్నాడు.

"ఎవరూ రాలేదు సార్" అంది సిస్టర్. తలుపు మూసే ఉంది.

ఆ నడక ఎలాంటి వాళ్ళదో ఎముకల డాక్టరుకి వేరే చెప్పక్కర్లేదు. పాదం పైకి లేవని వాళ్ళు మోకాలు ఎత్తెత్తి వేసి, అరికాలు ఈడ్చి కొట్టినట్టు వేస్తారు. పెద్దసారుకి ఆ సంగతి తట్టకపోలేదు. తట్టినా లెక్కచెయ్యలేదు.

టప్... టప్...

బల్ల చుట్టూ తిరిగి ఆయన వెనక ఆగింది. స్పిరిట్ వాసన మధ్యలోంచి మరో వాసన వచ్చింది. కుట్టుమిషను నూనె వాసన. కొత్తగుడ్డ వాసన.

"పైది ఇంకొకటి తియ్యవయ్యా" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

బల్ల కింద ఎక్స్‌రే పెడల్ ఉంటుంది. బాబాయ్ దాన్ని వాడడు, చేతి బటనే నొక్కుతాడు. ఆ పెడల్... దానంతటదే కిందికి దిగింది. గట్టిగా. టప్.

తెర మీద ఫోటో వెలిగింది.

పెద్దసారు ఒక్క క్షణం చూసి మండిపడ్డాడు. "ఎవరి ఫోటో పెట్టావయ్యా ఇది! కళ్ళు పోయాయా?"

కోపం రాదా మరి. బల్ల మీదున్నది మగవాడు. తెర మీదున్నది ఆడమనిషి ఎముక. నడుమ గుండ్రంగా, వెడల్పుగా, తెల్లగా. చదువుకునే పిల్లలు కూడా గుర్తుపడతారు. పైగా అందులో స్క్రూ ఉంది. పూర్తిగా బిగించిన స్క్రూ. ఆయన చేతిలో తీగ ఇంకా వేలెడు కూడా లోపలికి వెళ్ళలేదు.

"నేను నొక్కలేదు సార్" బాబాయ్ గుసగుసలాడాడు. రెండు చేతులూ గాల్లోకి ఎత్తి చూపించాడు. "పాతదేం కాదు. ఇప్పటి టైమే పడింది చూడండి."

"డబ్బా మిషను. డబ్బా మనుషులు" అని పెద్దసారు డ్రిల్లు మళ్ళీ ఆనించాడు. "నాకు ఫోటోలే అక్కర్లేదు. చేతికి తెలుస్తుంది నాకు."

డ్రిల్లు తిరగలేదు. కరెంటుంది, మీట నొక్కుతూనే ఉన్నాడు. అయినా తిరగలేదు... ఎవరో తీగని అటుపక్క నుంచి పట్టుకున్నట్టు.

ఆయన కాలి మీద బరువు పడింది. చల్లటి బరువు. మరో పాదం తన కుడిపాదం మీద నిలబడ్డట్టు. లాక్కోబోయాడు. మోకాలు లేచింది గానీ పాదం లేవలేదు. చెప్పులోంచి వేళ్ళు వేలాడాయి. ఎంత బలం పెట్టినా... లేవలేదు.

చెవి పక్కనే, మాస్కు తగిలేంత దగ్గరగా, ఒక ఆడగొంతు.

"సార్... పాదం లేవట్లేదు సార్."

ఆ మాట ఆయన విన్నాడు, ఇంతకుముందు. ఓపీ గదిలో, అచ్చం ఇంత మెల్లగా, ఇంత మర్యాదగా. బట్టలు కుట్టే దర్జీ ఆవిడ. స్క్రూ వేసిన పదో రోజున వచ్చింది. కాలు లేవకపోతే మిషను తొక్కలేనంది. 'నరం వాచిందమ్మా, నాటకాలు మానేసి నడువు' అని తర్వాతి పేషెంటుని పిలిచాడు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే. మూడోసారి గేటు దగ్గరే ఆపించాడు. ఆవిడ మొహం ఎంత గింజుకున్నా ఇప్పుడు గుర్తురాలేదు. చూస్తే కదా గుర్తుండడానికి.

డ్రిల్లు చేతిలోంచి జారి ట్రేలో పడింది.

"సార్?" అంది డాక్టరమ్మ.

"షుగర్... తగ్గినట్టుంది" అన్నాడు. అబద్ధం అప్పుడు కూడా అంత సులువుగానే వచ్చింది. గోడ పట్టుకుని, కుడిపాదం ఈడ్చుకుంటూ పక్కకి జరిగాడు. నేల మీద ఆయన అడుగే చప్పుడు చేసింది. టప్.

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆయన్ని చూసింది. తర్వాత మళ్ళీ చూడలేదు. "బాబాయ్, పక్కది తియ్యండి" అంది.

మిషను చెయ్యి తిరిగింది. నాలుగు నిమిషాలు పట్టింది. ఫోటో పడింది. ఈసారి మెకానిక్ ఎముకే. తీగ మొన ముందు అంచుకి వెంట్రుకవాసి దూరంలో ఉంది. ఇంకొక్క తిప్పు తిప్పితే నరం. ఆవిడ తీగ బయటికి తీసి, కొంచెం వెనక నుంచి, కొంచెం కిందికి మళ్ళీ మొదలుపెట్టింది. అంగుళం వెళ్ళాక మూడు ఫోటోలు. ఇంకో అంగుళానికి ఇంకో మూడు. యాభై నిమిషాలు పట్టింది. స్క్రూ ఎముక నడిమధ్యన కూర్చుంది.

మత్తు దిగాక మెకానిక్ రెండు పాదాలూ పైకీ కిందికీ ఆడించాడు. వాడి అక్క బూట్లు కింద పడేసి బెంచీ మీద కూలబడి ఏడ్చింది. డాక్టరమ్మ పక్కన కూర్చుని "ఎక్కుతాడమ్మా, నిచ్చెన ఎక్కుతాడు" అంది.

పెద్దసారు ఉపన్యాసానికి వెళ్ళలేదు. బట్టలు మార్చుకునే గదిలో గంటసేపు కూర్చుంటే పాదానికి ప్రాణం వచ్చింది. దాంతోపాటు అహంకారమూ వచ్చింది. నరం ఎక్కడో నొక్కుకుని ఉంటుంది, అంతే. ఏవో వినిపించాయి, అంతే. భోజనాల వేళ అందరూ వెళ్ళాక ఎక్స్‌రే గదికి పోయి బాబాయ్‌ని పిలిచాడు.

"నా నడుంది ఒకటి తియ్యవయ్యా. ఎవరికీ చెప్పకు."

బాబాయ్ సరేనన్నట్టు తలూపాడు. బల్ల మీద పడుకున్నాక పెద్దసారు పైకప్పు చూస్తూ, ఏమీ పట్టనట్టు అడిగాడు. "ఆ దర్జీ ఆవిడ... ఇప్పుడెలా ఉంది?"

"పోయింది సార్. మూడు నెలలైంది. మెట్లు దిగుతుంటే పాదం తట్టుకుని పడింది. ఆ రోజే మీకు చెప్పాను."

"నాతోనా? నేనేమన్నాను?"

"'అయితే ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు' అన్నారు."

ఆ మాటలో కోపం లేదు, గౌరవమూ లేదు. నేల మీద మరక గురించి చెప్పినట్టు చెప్పి బాబాయ్ అద్దం వెనక్కి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. టక్కుమని మిషను మోగింది.

కాసేపటికి స్పీకర్లోంచి గొంతు వచ్చింది.

"సార్, చెయ్యి పక్కకి తియ్యండి. ఎముక మీద అడ్డం వస్తోంది."

పెద్దసారు చేతులు రెండూ తల కింద ఉన్నాయి.

"ఏ చెయ్యి?" అన్నాడు.

అద్దం వెనక బాబాయ్ తెర వైపు మళ్ళీ చూశాడు. తర్వాత "రెండు చేతులూ పైకెత్తండి సార్. నాకు కనిపించేలా" అంది స్పీకరు. ఎత్తాడు. మళ్ళీ టక్కుమంది. అద్దం వెనక బాబాయ్ తెర మీదికి వంగి... వంగి అలాగే ఉండిపోయాడు.

"ఏవయ్యా... ఏముంది?"

స్పీకరు బుసకొట్టింది.

"కదలకండి సార్" బాబాయ్ గొంతు దాదాపు వినపడటం లేదు. "ఇందాక ఆ చేతి వేళ్ళు విడివిడిగా ఉన్నాయి... ఇప్పుడు పిడికిలి బిగించి ఉంది."