ఆరో గని మలుపులో ఒక వేలు

పొద్దుగూకాక ఆరో గని మలుపులో బండి ఆపకూడదు. మా వెస్ట్ వర్జీనియా కొండల్లో ఈ మాట పిల్లాజెల్లా అందరికీ తెలుసు. ఒకవైపు మూతపడ్డ బొగ్గు గని, ఇంకోవైపు లోయ. రెండు బళ్ళు ఎదురైతే ఒకటి అంచుకి ఒదిగి నిలబడాల్సిందే. అక్కడ ఒంటికన్ను దీపం ఒకటి వెంటపడుతుందని చెప్పుకుంటారు.

నేను కొండ కింద పెట్రోలూ, పెప్పరోనీ రొట్టెలూ అమ్ముకునేదాన్ని. ఇలాంటి కబుర్లు రోజుకి పది వింటాను, ఒక్కటీ నమ్మను. ఇది మాత్రం మా ఊరి వెర్నన్ చెప్పింది చెప్పినట్టు చెబుతున్నా.

ముందు మట్టిబాటల్లో తిరిగే మా కొండబళ్ళ పద్ధతి వినండి. బాటలో ఎదురు బండి కనిపిస్తే, మన వెనక ఇంకా ఎన్ని బళ్ళు వస్తున్నాయో అన్ని వేళ్ళు చూపిస్తాం. ఎవరూ లేకపోతే పిడికిలి. పిడికిలి చూశాడా, ఎదుటివాడు నిశ్చింతగా బాట మధ్యకి వచ్చేస్తాడు.

తొమ్మిదేళ్ళ కిందట వెర్నన్, వాళ్ళ తమ్ముడు డెల్బర్ట్ కొండ మీద పోట్లాడుకున్నారు. దేనికి? ఎవరి బండి ముందు పోవాలని! అదీ ఒక పోట్లాటేనా?

"నా వెంట రాకురా!" అని వెర్నన్ విసురుగా వెళ్ళిపోయాడు. తమ్ముడు వేరే దారిన ఇంటికి పోయుంటాడనుకున్నాడు. ఈ మలుపులోనే ఎదురొచ్చినవాడికి పిడికిలి చూపించాడు...

డెల్బర్ట్ వెనకే వస్తున్నాడు. అన్నని బతిమాలుకోడానికి, పాపం. వాడి బండికి ఒక దీపమే వెలిగేది.

వాణ్ణి లోయలోంచి పైకి తీసేసరికి తెల్లారింది.

ఆ తర్వాత వెర్నన్ బండి అమ్మేశాడు. డెల్బర్ట్ సమాధి కొండ మీదే ఉంది, మా వాళ్ళందరివీ అక్కడే. వెర్నన్ అక్కడికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. చివరికి మొన్న చలికాలం పోయాక, "వాడికి ఒక్క మాట చెప్పుకోవాలి మాక్సీన్... మోకాళ్ళేమో ఎక్కనివ్వవు" అని నాతో చెప్పి, దొరికినవాటిలో చవకైన సైడ్-బై-సైడ్ కొన్నాడు. ఇద్దరు పక్కపక్కన కూర్చునే బండి. ముందు అద్దం లేదు, తలుపుల్లేవు, వెనక్కి చూసుకునే అద్దమూ లేదు.

"ఏమయ్యా, చక్రాలైనా దాంతోనే ఇచ్చారా, విడిగా కొన్నావా?" అన్నాను.

"నవ్వు, నవ్వు. కొండెక్కేది బండి, దాని ఖరీదు కాదు."

మధ్యాహ్నం ఎక్కాడు. సమాధి దగ్గర చాలాసేపు కూర్చున్నాడట. చెప్పాల్సిన మాట చెప్పకుండానే లేచాడు. దిగుతుంటే చక్రాలు తిప్పే బెల్టు తెగింది. తడుముకుంటూ కొత్తది ఎక్కించేసరికి చీకటి పడింది.

మలుపు వచ్చింది...

స్టీరింగు మీద తన చేతులు తనకే తెల్లగా కనిపించాయి. వెలుగు వెనకనుంచి పడుతోంది.

జోరు పెంచాడు — వెలుగూ జోరందుకుంది. నెమ్మదించాడు — అదీ నెమ్మదించింది. తల తిప్పడానికి ధైర్యం చాల్లేదు.

"ఎవరూ..." అన్నాడు.

అంతలో ఎదురుగా దీపాలు. ఏం చూపించాలి? వెనక ఎవరూ లేరని వాడి బుర్రకి తెలుసు. పిడికిలి బిగించబోయాడు... వేళ్ళు ముడుచుకోలేదు. తొమ్మిదేళ్ళ కిందటి పిడికిలి ఇంకా ఆ చేతిలోనే ఉంది మరి.

ఒక వేలు ఎత్తాడు. దాటిపోయాడు.

అంతవరకూ వాడు చెప్పింది. ఇక్కణ్ణించి నేను చూసింది. ఎదురొచ్చిన బండి నాదే.

అయిదింటికి దిగుతానన్నవాడు ఏడైనా రాకపోతే వెతకడానికి బయల్దేరాను. ఒక వేలు చూశాను, అంచుకి ఒదిగి ఆగాను. ఒంటికన్ను దీపంతో ఇంకో బండి వచ్చింది. హెల్మెట్టు, దుమ్ము... మొహం కనిపించలేదు. చెయ్యెత్తి పోయాడు.

బండి తిప్పుకుని కిందికి దిగితే, బాట చీలే చోట వెర్నన్ ఇంజను ఆపి కూర్చున్నాడు. వెనకవాడు వచ్చేదాకా చీలిక దగ్గర ఆగాలి, అదీ మా పద్ధతే.

"ఏమయ్యా, తోడు ఎవర్ని తెచ్చుకున్నావ్? వాడేడీ?"

వాడి మొహం పాలిపోయింది. "నువ్వు... చూశావా?"

"చూడకేం! నా పక్కనుంచేగా వచ్చాడు."

నాకప్పుడు తట్టింది. మలుపు నుంచి ఇక్కడిదాకా పక్కకి పోయే దారే లేదు.

"ఏం చూపించాడు మాక్సీన్?"

"పిడికిలి."

వెర్నన్ స్టీరింగు మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "వచ్చావట్రా... తప్పు నాదేరా..." అన్నాడు, నాతో కాదు.

ఇప్పటికీ వాడు ఒంటరిగా వచ్చినా ఒక వేలే చూపిస్తాడు. కుర్రకారు తిట్టుకుంటారు. నేను మాత్రం అంచుకి ఒదిగి, ఇంజను ఆపి, ఆ రెండోవాడు దాటేదాకా ఆగుతాను.