బ్రెడ్డు మీద మూడు గాట్లు

ఆ ఉదయం ఆరా మేడం గుమాస్తాకి బాగా ఆకలిగా ఉంది. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది. కేసులో సగం సాక్ష్యం అతని పొట్టలోకే వెళ్ళింది మరి.

అందరూ ఆరా మేడం అని పిలుచుకునే ఆ డిటెక్టివ్ దగ్గర అతను ఏడేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఆవిడ బుర్ర మీద అతనికి అపారమైన గురి. తన బుర్ర మీదా కాస్త ఉంది గాని, అది ఇంతవరకూ రుజువు కాలేదు.

తలుపు తోసుకుని వచ్చిన ఆమెకు ముప్పై అయిదేళ్ళుంటాయి. కొత్తగా కత్తిరించిన జుట్టు, బిగుతుగా ఉన్న కొత్త కోటు. చేతిలోని అట్టపెట్టెను బల్ల మీద పెట్టి, కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"నన్నెవరో నాశనం చెయ్యాలని చూస్తున్నారండీ. అది కూడా మా ఇంట్లోవాళ్ళే."

ఆమె బేకరీలో బ్రెడ్లు కాల్చే మనిషి. బేకరీ మూతపడి నెలలైంది. బ్రెడ్డు చేసేవాళ్ళని ఎవరూ పట్టించుకోరని, కాలాన్ని బట్టి మారాలని, మరిది పట్టుబట్టి ఆమెకు కొత్త అవతారం ఎత్తించాడు. ఎత్తు టోపీతో ఫోటో తీశాడు. కార్డులు వేయించాడు. ఒకటి తీసి ఇచ్చింది: 'డెజర్ట్ ఆర్టిస్ట్. ఎవరి దగ్గరా నేర్చుకోని సొంత ప్రతిభ.'

"నిన్న పెద్ద హోటల్లో ఇంటర్వ్యూ. ఇదొక్కటే మిగిలిందండీ, పోతే ఇంకెక్కడా ఆశ లేదు. వంటశాల పెద్దాయన ముందు పెట్టె తెరిస్తే నేను తీసుకెళ్ళిన కేకు లేదు. ఈ బ్రెడ్డుంది. కాల్చేముందు పైన నేను వేసే మూడు గాట్లే వేసి మరీ పెట్టారు, ఎగతాళికి."

"ఆయనేమన్నాడు?"

"ఏమీ అనలేదు. ముక్క కోసుకుని తిన్నాడు. మళ్ళీ కోసుకున్నాడు. రేపు తెల్లవారుజామున ఏప్రన్ తెచ్చుకుని రమ్మన్నాడు. ఇంట్లోవాళ్ళు రేపేం చేస్తారోనని నాకు నిద్ర పట్టట్లేదు."

"కేకు లోపల ఏం పెట్టారు?"

ఆమె తడబడింది. "లోపలా... క్రీమే అనుకుంటానండి."

మేడం కాగితం, పెన్సిలు ఇచ్చి గాట్లు ఎలా వేస్తుందో గీయమంది. ఆమె కుడివైపుకి వాలిన మూడు గీతలు చకచకా గీసింది. బ్రెడ్డు మీదివి ఎడమకి వాలి ఉన్నాయి.

"నిన్న పొద్దున్న ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరండి. నేను జుట్టు సర్దించుకోడానికి వెళ్ళాను. మావారు పనికెళ్ళి, తర్వాత వచ్చి నన్ను స్కూటర్ మీద హోటల్లో దింపారు. మరిది ముందురోజే పెట్టె కట్టేసి, పొద్దున్నే స్టూడియోకి వెళ్ళాడు. మా మామగారున్నారు గాని, ఆయనకి జబ్బు చేసి కుడిచెయ్యి పడిపోయింది."

ఆమె వెళ్ళాక మేడం తిరిగి చూసేసరికి, గుమాస్తా టీలో ముంచిన ఆఖరి ముక్కను మింగుతున్నాడు.

"సాక్ష్యం ఎలా ఉంది?"

అతను సిగ్గుపడ్డాడు. "అద్భుతంగా ఉంది మేడం. నాకైతే భర్త మీదే అనుమానం. పెట్టె స్కూటర్ మీద అతని దగ్గరేగా ఉంది."

"పగ ఉన్నవాడు పిండిని ఇంత ఓపిగ్గా పిసుకుతాడా?"

సాయంత్రం ఆ ఇంటి వంటగదిలోనే అందరూ బల్ల చుట్టూ చేరారు. భర్త గోళ్ళు కొరుకుతున్నాడు, మరిది ఫోను తిప్పుతున్నాడు. మామగారు కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో నిండు కప్పు తొణక్కుండా ఎత్తి టీ తాగుతున్నారు. గుమాస్తా మిగతా అందరినీ చూశాడు గాని, ఆయన్ని చూడాలన్న ఆలోచనే అతనికి రాలేదు.

"ముందు కేకు సంగతి" అంది మేడం. "చేసినవాళ్ళకి లోపలేముందో తెలియకుండా ఉండదు. అది కొన్న కేకు."

మరిది ఫోను ఆగింది. ఆమె తల వంచుకుంది. "తప్పేనండి. ఉద్యోగం వస్తే నేర్చుకుందామనుకున్నాను."

"ఇక బ్రెడ్డు. గాట్లు మీవే, వాలు మాత్రం తిరగబడింది. కుడిచేత్తో నేర్పిన పనిని ఎడమచేత్తో చేస్తే అలా తిరగబడుతుంది. మీకీ గాట్లు నేర్పింది ఎవరమ్మా?"

ఆమె మెల్లగా మామగారి వైపు తిరిగింది.

మామగారు కప్పు కింద పెట్టారు. "ఆ కేకు వాళ్ళ వంటింట్లో మళ్ళీ చేసి చూపించమంటే ఏం చేస్తావమ్మా? రెండుసార్లు చెప్పబోయినా విన్నావు కాదు. నీ పరువు పోతుందని భయమేసింది. తెల్లారకముందే పిండి కలిపి దాచి, మీరంతా వెళ్ళాక కాల్చి పెట్టెలో పెట్టాను. ఒక్క చేత్తో చాలాసేపు పట్టింది."

"కార్డు చూసి కోపం రాలేదా మామయ్యా? ఎవరి దగ్గరా నేర్చుకోలేదని రాశాం."

"కోపం కాదు, నొచ్చుకున్నాను" అన్నారాయన దాచుకోకుండా. ఆమె ఏడ్చేసింది. వచ్చి ఆయన చచ్చుబడిన చేతిని పట్టుకుంది.

"కేకేం చేశారు నాన్నా?" భర్త అడిగాడు.

"కింద వాచ్‌మన్ పిల్లలకిచ్చాను. లోపల అనాసపండుందట, బాగుందన్నారు."

ఏడుస్తున్న మనిషి కూడా నవ్వింది. అందరూ నవ్వాక మేడం లేచింది. "రేపటికి భయపడకండి. తెల్లవారుజామున హోటల్లో కేకులు చెయ్యరు, బ్రెడ్లు కాలుస్తారు. ఆయన మిమ్మల్ని అందుకే రమ్మన్నాడు. వెళ్ళగానే కేకు సంగతి మీరే చెప్పెయ్యండి. టోపీ, జుట్టు ఎలా కావాలంటే అలా మార్చుకోండి, చేతిపనిని మాత్రం దాచకండి."

మరిది గొంతు సవరించుకున్నాడు. "కార్డు మళ్ళీ వేయిస్తాను వదినా. ఈసారి నువ్వు చెప్పు, నేను రాస్తాను."

వారం తిరక్కుండా ఆఫీసుకి ఓ పెట్టె వచ్చింది. పైన హోటల్ ముద్ర, కింద కొత్త కార్డు: 'బ్రెడ్డు తయారీ. మామగారి దగ్గర నేర్చుకున్న పని.' లోపల ఇంకా వేడిగా ఉన్న బ్రెడ్డు. దాని మీద కుడికి వాలిన మూడు గాట్లు, వాటి పక్కన మామగారి వాటంలో ఎడమకి వాలిన నాలుగోది.

గుమాస్తా కత్తి అందుకుని ఆగాడు. "మేడం, ఇది సాక్ష్యమా?"

"కాదు, ఫీజు. నాకూ ఓ ముక్క కొయ్యి. ఆ నాలుగో గాటున్న వైపుది."