సర్వర్‌కు పెట్టిన బొట్టు

“ఈ మిషన్‌కు బొట్టు పెట్టిందెవరు?”

టీ గ్లాసుతో లోపలికి రాబోయిన వివేక్ గుమ్మంలోనే ఆగిపోయాడు. గదిలో ఒకమ్మాయి నిలబడి ఉంది. భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో తడిసిన గొడుగు, ముక్కు మీద కోపం. ఆమె ఎదురుగా, నిన్ననే అట్టపెట్టెలోంచి తీసిన కొత్త సర్వర్ ఉంది. దాని నుదుట కుంకుమ, నెత్తిన బంతిపువ్వు, పక్కన అగరొత్తి.

“మా పంపన్న పెట్టినాడు” అన్నాడు వివేక్. “కొత్త బండొస్తే బొట్టు పెట్టాల్సిందే గదా మేడం.”

“ఇది బండి కాదండి. ఆ కుంకుమ ఫ్యాన్‌లోకి పోతే లోపల అంతా మాడిపోతుంది.”

“మరి మా యార్డులో ఎర్రదుమ్ము పోతాదే, దానికేం చేస్తారు?”

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. ఇనుప ఖనిజం లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. టైర్లు ఎరుపు, అద్దాలు ఎరుపు, కారుతున్న వాన నీళ్ళు ఎరుపు. ఒక్క క్షణం ఆలోచించి, “ముందు కుంకుమ తుడవండి. దుమ్ము సంగతి తర్వాత చూద్దాం” అంది.

అలా మొదలైంది.

ఇది రెండువేల తొమ్మిది నాటి మాట. సండూరు కొండలు లారీలెక్కి పోతున్న రోజులు. ఆరేసిన తెల్లపంచె సాయంత్రానికి కాషాయమయ్యేది. దోణిమలై గని బస్సు దిగినవాళ్ళెవరో, ఊళ్ళోవాళ్ళెవరో చెప్పుల రంగు చూసి చెప్పేవారు. ఇప్పుడు ఆ యార్డు లేదు. కాటా ఉన్న చోట గుంత మిగిలింది, గుంతలో తుమ్మచెట్లు మొలిచాయి. అయినా వివేక్‌ను కదిపితే చాలు, ఆ ఎర్రటి వానాకాలాన్ని చినుకు చినుకు చొప్పున చెబుతాడు.

యార్డు వాళ్ళ నాన్న కోదండరామిరెడ్డిది. చోరనూరులో జొన్న పండించిన మనిషి, ఒక లారీ కొని, ఇరవై లారీలు చేసి, లారీలను తూచే కాటా పెట్టాడు. కాటాకు తగిలించిన పాత కంప్యూటర్ దుమ్ము మింగీ మింగీ చావుబతుకుల్లో ఉంది. దాంట్లోని తూకం ప్రోగ్రాం కొత్త కంప్యూటర్లలో నడవదు. అందుకే బళ్ళారి షాపు వాళ్ళు కొత్త సర్వర్ ఇచ్చి, పని తెలిసిన మనిషిని పంపారు. ఆ మనిషే తనూజ.

“అంటే ఏం చేస్తాండారు మీరు?” అడిగాడు వివేక్, స్టూలు లాక్కుని.

“ఈ సర్వర్‌లో హైపర్‌వైజర్ అని ఒకటుంటుంది. అది ఈ పెట్టె లోపలే ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నమ్మిస్తుంది. ఆ లోపలి కంప్యూటర్‌లో మీ పాత ప్రోగ్రాం హాయిగా నడుస్తుంది. దాన్ని వర్చువల్ మెషిన్ అంటారు.”

“లారీ మీద లారీ ఎక్కించి తోలినట్టా?”

తనూజ నవ్వాపుకోవాలని చూసింది. కాలేదు. “అలాగే అనుకోండి. కాకపోతే పైన ఉన్న లారీకి తను రోడ్డు మీదే పోతున్నాననిపిస్తుంది.”

ఆ నవ్వుకు బయట వాన ఆగిపోయినట్టు తోచింది వివేక్‌కు. ఆగలేదు. రేకుల మీద ఇంకా దంచుతూనే ఉంది.

బుధవారం పొద్దున ఆమె ల్యాప్‌టాప్ తెరిచి, పక్క గదిలోని సర్వర్‌ను పిలిచింది. తెర మీద ఒకటే వాక్యం. హైపర్‌వైజర్‌కు కనెక్ట్ కాలేకపోయాం. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే.

కేబుల్ మార్చింది. ఫైర్‌వాల్ తెరిచింది. సాయంత్రం డేటా కార్డుతో ల్యాప్‌టాప్‌కూ సర్వర్‌కూ నెట్ పెట్టి, అందులో వెతికి, ఏవో రెండు సెట్టింగులు మార్చింది. టక్కున కనెక్ట్ అయింది!

“అయిపోయింది! ఫైర్‌వాలే” అంది చేతులు దులుపుకుంటూ.

గురువారం పొద్దున వచ్చి చూస్తే మళ్ళీ పాతపాటే. సాయంత్రం దాకా కుస్తీ పట్టింది. నెట్ పెట్టి సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తే దారికొచ్చింది. ఈసారి, “సర్వీసు ఆగిపోయినట్టుంది” అంది, అంత ధీమా లేకుండా.

ఆ రెండు రోజులూ వివేక్ కాటా దగ్గర ఒక్క లారీ కూడా చూడలేదంటే అతిశయోక్తి కాదు. తనూజ సింధనూరు పక్క కాలువ కింద వలస రైతుల క్యాంపు పిల్ల. తాతలు కోస్తా నుంచి వచ్చి వరి మళ్ళు చేసినవాళ్ళు. ఆమె ‘అండి’ అనడం వినడానికే అతను పది ప్రశ్నలు అడిగేవాడు.

“మీరు తెలుగు పాడినట్టు మాట్లాడతారు మేడం.”

“మీరు పోట్లాడినట్టు మాట్లాడతారు.”

“మాది ఊరికే మాట్లాడినా అట్లే ఉంటాది. నిజంగా పోట్లాడితే మీరీడ నిలవలేరు.”

కానీ ఆమెకు నవ్వులాట కాదది. వాళ్ళ షాపులో సైటు పనికి ఆడపిల్లను పంపడం అదే మొదలు. ఓనరు ముందే చెప్పాడు, శనివారం మధ్యాహ్నానికి కాటా నడవకపోతే సోమవారం నుంచి ముందు కౌంటర్‌లో కూర్చుని పెన్‌డ్రైవులు అమ్ముకోమని. ఆ మాట తనూజ వివేక్‌తో చెప్పింది కూడా, గురువారం మధ్యాహ్నం, క్యారియర్‌లోని పప్పన్నం కలుపుకుంటూ.

“మీకు ఎర్రరొస్తే బాధ, నాకు...” అని నాలుక కరుచుకున్నాడు వివేక్.

“మీకు?”

“ఏం లేదు. ఊరగాయ ఏస్కోండి.”

శుక్రవారం పొద్దున మూడోసారి అదే వాక్యం వచ్చింది. తనూజ తెరనే చూస్తూ కూర్చుంది. వివేక్ గుమ్మంలో నిలబడి, “మళ్ళీ వచ్చిందా?” అన్నాడు. పాపిష్టి మొహం, సంతోషాన్ని దాచలేకపోయింది.

ఆమె కుర్చీ తిప్పింది.

“వివేక్ గారూ, ఒక మాట అడుగుతాను. నిజం చెప్పండి. నేను సాయంత్రం బాగుచేసి వెళ్తున్నాను. పొద్దుటికి పాడవుతోంది. రాత్రి ఎవరైనా ముట్టుకుంటున్నారా?”

“ఎవరు ముట్టుకుంటారు?”

“నిన్న పొద్దున మీరు సర్వర్ గదిలో ఉన్నారని పంపన్న గారు చెప్పారు.”

“ఉన్నా. అయితే?”

“ఎర్రర్ వచ్చినప్పుడల్లా మీ మొహం వెలిగిపోతోంది. నాకు కళ్ళున్నాయండి. మీకిది ఆట. నాకు ఉద్యోగం.”

వివేక్‌కు చెవులు వేడెక్కాయి. “నేనేం తాకలేదు మేడం” అని మాత్రం అని బయటికి నడిచాడు. వానలో కాటా దాకా నడిచిపోయాక గుర్తొచ్చింది, నిన్న ఆ గదిలోకి ఎందుకు పోయాడో చెప్పనే లేదని. రేకు కారుతోందని సర్వర్ పైన టార్పాలిన్ కట్టడానికి పోయాడు. తనూజ తలెత్తి చూసి ఉంటే కనపడేదే.

శనివారం తెల్లవారగానే వివేక్ వచ్చి, పాత ఫైళ్ళ బీరువా పక్కన కూర్చున్నాడు. ఈ గదిలోకి ఎవరొస్తారో, ఏం ముట్టుకుంటారో కళ్ళారా చూడాలి. చేతిలో తనూజ మరిచిపోయిన కాగితాలు ఉన్నాయి. కనెక్షన్ ఎర్రర్ వస్తే చూడాల్సినవని కంపెనీ వాళ్ళు అచ్చేసి ఇచ్చిన జాబితా అది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతూ కూర్చున్నాడు.

ఎనిమిది కాగానే పంపన్న వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా ఆ కుటుంబాన్నే నమ్ముకున్న గుమాస్తా. చెప్పులు బయట విడిచి, కాటాకు దండం పెట్టి, అగరొత్తి వెలిగించాడు. కుంకుమ మాత్రం పెట్టలేదు, తనూజ మాట మన్నించాడు. తర్వాత కళ్ళజోడు సర్దుకుని, సర్వర్ కీబోర్డు దగ్గరకు పోయి, ఒక్కో మీటా వెతికి నొక్కసాగాడు.

“పంపన్నా! ఏం చేస్తాండావు?”

పంపన్న ఉలిక్కిపడి చూశాడు. “అయ్యో, నువ్వా వివేకప్పా! టైమ్ పెడతాండా. రోజూ చేసే పనే గదప్పా. ఇదేందో కొత్తది, సాయంత్రమైతే సుమ్నే, దానంతటదే వెనక్కి పోతాది. పొద్దున్నే మళ్ళీ ముందుకు తిప్పాల.”

వివేక్ చేతిలోని కాగితం కింద పడింది.

ఆ యార్డులో ప్రతి గడియారం ఇరవై నిమిషాలు ముందుంటుంది. కోదండరామిరెడ్డి కట్టడి అది. ఆయన మొదటి లారీ, ఖనిజం రైలుకెక్కించే సైడింగుకు పది నిమిషాలు ఆలస్యంగా చేరి, గేటు మూసేస్తే రెండు రోజులు వానలో నిలబడింది. ఆనాటి నుంచి గోడ గడియారం, డ్రైవర్ల వాచీలు, పాత కంప్యూటర్, అన్నీ ఇరవై నిమిషాలు ముందే. కొత్తగా వచ్చినవాళ్ళు కూడా రెండో రోజుకే తమ వాచీ తిప్పుకునేవారు. తనూజ కూడా తన వాచీ వెనకబడిందనుకుని తిప్పుకుంది. తిప్పనిది ఆమె ల్యాప్‌టాప్ ఒక్కటే. దాని మూలన ఉండే అంకెలు ఎవరు చూస్తారు?

వివేక్ వంగి కాగితం తీశాడు. ఏడో వరుస. రెండు మిషన్ల గడియారాల మధ్య ఐదు నిమిషాలకు మించి తేడా ఉంటే ఒకదాన్నొకటి నమ్మవు, కనెక్షన్ కుదరదు.

సాయంత్రం నెట్ తగలగానే సర్వర్ తన టైమ్ తాను సరిచేసుకునేది. పొద్దున్నే పంపన్న చెరిపేవాడు. మధ్యలో తనూజ ఏది మార్చితే అదే మందనుకునేది.

వివేక్ కాగితం పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ఈ సంగతి తెలిసింది తనొక్కడికే. చెప్పకపోతే? మధ్యాహ్నం అవుతుంది, కాటా నడవదు. షాపు వాళ్ళు ఇంకో వారం గడువడుగుతారు. కానీ అప్పుడొచ్చేది ఈమె కాదు. వచ్చినా, తలదించుకుని వస్తుంది. చెబితే, ఇంకో గంటలో పని ముగించి బస్సెక్కుతుంది. అటైనా ఇటైనా పోయేదే. తలెత్తుకుని పోతే చాలు.

తనూజ గొడుగు మడుస్తూ లోపలికి రాగానే, “మేడం, మీ ల్యాప్‌టాప్‌లో టైమెంత?” అన్నాడు.

“పొద్దున్నే మొదలెట్టారా?”

“చూడండి ముందు.”

చూసింది. గోడ వైపు చూసింది. సర్వర్ తెర చూసింది. ఏడో వరుస మీద వివేక్ వేలు చూసింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

సర్వర్ టైమ్ సరిచేసిన పది నిమిషాల్లో హైపర్‌వైజర్ పలికింది. పదకొండు కల్లా లోపలి కంప్యూటర్ లేచి నిలబడింది. మొదటి లారీ కాటా ఎక్కగానే తూకం చీటీ గరగరమంటూ బయటికొచ్చింది.

కోదండరామిరెడ్డి మాత్రం ఒప్పుకోలేదు. “నా టైమ్ తప్పంటాదా ఆ డబ్బా?”

“గోడ గడియారాలు మీవి సార్, గంట ముందు పెట్టుకోండి. సర్వర్‌ను మాత్రం దాని మానాన వదిలెయ్యండి” అంది తనూజ, ఆయన కళ్ళలోకి చూస్తూ.

ఆయన మీసం తడుముకున్నాడు. “పంపన్నా, ఆ డబ్బాను ముట్టొద్దు” అని వెళ్ళిపోతూ, కొడుకు పక్కన ఆగి, “గట్టి పిల్లరా” అన్నాడు.

బస్టాండులో తనూజ గొడుగు పిడి తిప్పుతూ వివేక్ వైపు తిరిగింది. “టార్పాలిన్ ఇందాక చూశానండి. సారీ.”

“పర్వాలేదు మేడం.”

“మీరు చెప్పకుండా ఉండచ్చు కదా. ఎర్రర్ మీకు ఇష్టమేగా.”

“ఎర్రర్ కాదు మేడం ఇష్టం” అన్నాడు వివేక్. అంతలో బళ్ళారి బస్సొచ్చింది. కండక్టరు అరుపుల్లో మిగతా మాట మునిగిపోయింది. ఆమె కిటికీలోంచి, “మళ్ళీ ఎర్రరొస్తే ఫోన్ చెయ్యండి” అని అరిచింది.

ఖర్మ కొద్దీ మళ్ళీ రాలేదు. అంత బాగా చేసి పోయింది మరి. వానలు వెలిశాయి, దసరా పోయింది, చలి వచ్చింది. నంబరు ఉంది. కానీ అది కంప్లైంటు ఉంటేనే చెయ్యాల్సిన నంబరని వివేక్ లెక్క. రోజూ పొద్దున్నే పోయి చూసేవాడు. ఆకుపచ్చ దీపం నిదానంగా వెలుగుతూ ఉండేది. ఆ దీపాన్ని అంతగా తిట్టుకున్న మనిషి ఇంకొకడు ఉండడు.

జనవరిలో ఒక మధ్యాహ్నం, బళ్ళారి షాపు వెనక గదిలో తనూజ బల్ల కింద దూరి వైర్లు సర్దుతోంది. ఎవరివో బూట్లు కనపడ్డాయి. ఎర్రటి బూట్లు.

“సండూరా?” అంది బల్ల కిందనుంచే. “ఏం ఎర్రరొచ్చింది?”

“రాలేదు మేడం. ఆర్నెల్లు చూసినా. అందుకే వచ్చినా.”

తనూజ లేవబోయి బల్లకు తల కొట్టుకుంది.

“ఒక పొద్దున టైమ్ ముందుకు తిప్పబోయినా” అన్నాడు వివేక్, ఎక్కడా ఆగకుండా, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనన్నట్టు. “తిప్పితే మీరే వస్తారు. కానీ మీరు చేసిన పని చెడిపోయిందని మీ ఓనరు అనుకుంటాడు. అందుకని తిప్పల్యా. నేనే వచ్చినా. మీరంటే నాకిష్టం. మా నాయనకు చెప్పే వచ్చినా.”

తనూజ తల తడుముకుంటూ బయటికొచ్చింది. చెంపకు ఇంత మసి. కళ్ళు మాత్రం తళతళలాడుతున్నాయి.

“ఏమన్నారు మీ నాన్నగారు?”

“ఇంతకాలం ఏం చేస్తాంటివిరా అన్నాడు.”

ఆమె పకపకా నవ్వింది. “ఆదివారం మా క్యాంపుకు రండి. మా నాన్న నాట్లలో ఉంటారు. ఒకటే మాట, గట్టు మీద నిలబడి మాట్లాడకండి. మడిలోకి దిగండి.”

ఆదివారం వివేక్ కొత్త ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నల్లటి బురదలోకి దిగాడు. చల్లగా, మెత్తగా, ఎర్రమట్టికి అలవాటైన కాళ్ళకు కొత్తగా ఉంది. తనూజ నాన్న సుబ్బరాయుడు నడుమెత్తి, ఈ కుర్రాణ్ణి పైనుంచి కింది దాకా చూశాడు. గట్టు మీద తనూజ నిలబడింది.

వివేక్ చేతులు జోడించాడు. “అయ్యా, నేను సండూరు నుంచి...”

“తెలుసు బాబూ. అమ్మాయి ఆర్నెల్ల నుంచి అదే ఊరు చెబుతోంది” అన్నాడు సుబ్బరాయుడు, నారు కట్ట ఒకటి అతని చేతికి అందిస్తూ. “ముందు ఈ వరస పట్టు. ఆ చివరికెళ్ళేసరికి నువ్వు చెప్పాల్సింది నువ్వు చెప్పు, నేను వింటాను.”